మన కాజీపేట జంక్షన్, మన సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సంఘం సభ్యులందరికీ, పెద్దలకు, అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నమస్తే. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం ఏం చేసింది, ఏం చెయ్యలేకపోయింది, పైసలు ఎటు పోయినయి అని ప్రతి ఏడు లెక్కనే ఈసారి కూడా కార్యదర్శిగా నేనే రాస్తున్న. మార్చి అయిపోయి 2025 జూన్ నడుస్తుంది, రిపోర్టు లేటైంది, మన్నించాలె. మే నెల సంగతి ఒకటి కూడా ఇందులనే కలిపిన. కొత్తగా చేరిన సభ్యులు చాన మంది ఉన్నరు కాబట్టి ఒక్క మాట ముందే చెప్త, మనది యూనియన్ కాదు, పార్టీ కాదు, కాజీపేట స్టేషన్ల రైలెక్కే దిగే మనుషుల సంఘం, సీజన్ టికెట్ (నెలల పాసు) మీద పోయే ఉద్యోగస్తులు, రిటైరైన రైల్వేవాళ్లు, చుట్టుపక్కల కాలనీవాళ్లు, ప్లాట్‌ఫాం బయట చాయ్ అమ్మే అన్న కూడా మన సభ్యుడే.

ముందు పిల్లల సంగతి చెప్త, ఎందుకంటే ఈ ఏడు చేసిన పనులల్ల నా మనసుకు అన్నిటికన్న దగ్గరైంది అదే. డిసెంబర్‌ల ఒక ఆదివారం పొద్దున మన కాలనీల పిల్లలను ముప్పై మంది దాకా తీస్కపోయి, అందరికీ ప్లాట్‌ఫాం టికెట్లు కొని, స్టేషన్ అంతా తిప్పి సూపెట్టినం. వెంట వచ్చింది మన సభ్యుడే, లోకో పైలట్‌గా రిటైరైన పెద్దాయన. ఆయన డ్యూటీల చేరినప్పుడు బొగ్గు ఇంజన్లు, ఫైర్‌మన్‌గా పార పట్టి బొగ్గు ఎగేసిండు, తర్వాత డీజిల్ నడిపిండు, రిటైరయ్యేనాటికి కరెంటు ఇంజన్ నడిపిండు. ఒక్క మనిషి జిందగీల మూడు రకాల ఇంజన్లు. పిల్లలు ఆయన చెయ్యి పట్టుకొని చూసిన్రు, అరచేతిల ఆ పార కాయలు ఇప్పటికీ గట్టిగనే ఉన్నయి. ఒక పాప అడిగింది, తాతా, ఈ ఊరికి స్టేషన్ ఎందుకొచ్చింది, మనకంటే వరంగల్ పెద్దది కదా అని. ఆయన నవ్వి అక్కడ్నే బెంచి మీద కూసొని మొదటికెళ్లి చెప్పుడు షురూ చేసిండు.

నిజాం రాజ్యంల మొదటి పెద్ద లైను వాడి నుంచి సికింద్రాబాద్ దాకా 1874ల వచ్చింది. అది బొంబాయి పోయే లైనుకు కలిపేటిది. తర్వాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని కంపెనీ పెట్టిన్రు, గ్యారంటీ అంటే ఏందంటే పెట్టుబడి పెట్టినోళ్లకు వడ్డీ వస్తదని నిజాం సర్కారు మాటిచ్చింది, రైలు నడిచినా నడవకపోయినా వాళ్ల వడ్డీ వాళ్లకు రావాలె. ఆ కంపెనీ లైను సికింద్రాబాద్ నుంచి తూర్పుకు గుంజుకుంట వచ్చి 1886ల మన కాజీపేట మీదికెళ్లి వరంగల్ చేరింది, 1889ల బెజవాడ దాకా పోయింది. నడుమ డోర్నకల్ నుంచి ఇల్లందు దిక్కు ఒక కొమ్మ వేసిన్రు, ఎందుకంటే అక్కడ సింగరేణి బొగ్గు దొరికింది. మనుషుల కోసం ఎంత వేసిన్రో బొగ్గు కోసం కూడా అంతే వేసిన్రు అని పెద్దాయన అంటుండు, నాకు అది నిజమే అనిపిస్తది.

అయితే అప్పటికి కాజీపేట జంక్షన్ కాదు, నడుమ వచ్చే ఒక స్టేషన్, అంతే. ఊరి పేరే ఖాజీల మీదికెళ్లి వచ్చింది. మన దర్గాల ఉన్న హజ్రత్ అఫ్జల్ బియాబానీ వరంగల్‌కు ఖాజీగా ఉన్నరు, సఫర్ నెలల ఉర్సుకు ఇప్పటికీ రైళ్లల్ల ఎక్కడెక్కడికెళ్లో జనం దిగుతరు. జంక్షన్ అయింది ఎప్పుడంటే బల్లార్షా లైను వచ్చినంక. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగ మహారాష్ట్రల ఉన్న బల్లార్షా దాకా సుమారు 235 కిలోమీటర్ల లైను, దాన్ని ముక్కలు ముక్కలుగ వేసుకుంట 1929ల పూర్తి చేసిన్రు. ఆ లైను పడ్డంకనే ఢిల్లీ నుంచి మద్రాసుకు సీదా తొవ్వ దొరికింది, అంతకు ముందు చుట్టు తిరిగి పోవుడే. దేశం నడుముకు ముడి వేసింది మన దగ్గరనే అని చెప్తే ఆ పిల్లలు పట్టాలను కొత్తగా చూసిన్రు. 1930ల రైల్వే నిజాం సర్కారు చేతికొచ్చింది, 1951ల సెంట్రల్ రైల్వేల కలిసింది, 1966 అక్టోబర్ 2 నాడు దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డప్పటి నుంచి మనం సికింద్రాబాద్ డివిజన్.

తర్వాత వచ్చిన ప్రశ్న ఇంక మంచిది. ఒక పిల్లగాడు అడిగిండు, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ మన దగ్గర ఎందుకు ఆగవు, వరంగల్‌ల ఎందుకు ఆగుతయి, జంక్షన్ మనది కదా అని. పెద్దాయన గొడుగు మొన తోటి కింద మట్టి మీద గీత గీసిండు. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైను ఒకటి, కాజీపేటల అది రెండైతది, ఒకటి వరంగల్, బెజవాడ దిక్కు, ఇంకొకటి బల్లార్షా, ఢిల్లీ దిక్కు. ఢిల్లీ నుంచి వచ్చిన రైలు మన ప్లాట్‌ఫాం మీదికొచ్చి మళ్ల బెజవాడ పోవాలంటే ఇంజన్ ఇప్పి, వెనక కొసకు తెచ్చి తగిలియ్యాలె, దానికి మస్తు టైం పోతది. అందుకే మూడో గీత ఉన్నది, ఎఫ్ క్యాబిన్ అనే సిగ్నల్ క్యాబిన్ కాడికెళ్లి మన స్టేషన్‌ను ముట్టకుండనే సీదా వరంగల్ దిక్కు మలుపుకుంటది. మూడు గీతలు కలిస్తే ముక్కోణం అయింది. హైదరాబాద్ నుంచి సికింద్రాబాద్ మీదుగ ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు ఆ బాధ లేదు కాబట్టి మన దగ్గర ఆగుతది. ఇది చిన్న సంగతి లెక్క కొడ్తది కానీ కొత్తవాళ్లు రోజూ ఇందులనే ఆగమైతున్నరు. హన్మకొండకు స్టేషన్ లేదు, ఎన్‌ఐటీకి వచ్చే పిల్లలకు దగ్గర పడేది కాజీపేటనే, కానీ ఢిల్లీ నుంచి చెన్నై రైలు ఎక్కితే వరంగల్‌ల దిగి పది కిలోమీటర్లు వెనక్కి రావాలె. అందుకే ఈ ఏడు మనం ఏ రైలు కాజీపేటల ఆగుతది, ఏది వరంగల్‌లనే ఆగుతది అని పెద్ద అక్షరాల తోటి ఫ్లెక్సీ కొట్టించి చాయ్ హోటల్ బయట, ఆటో స్టాండ్ కాడ పెట్టినం. ఆటో అన్నలు అది చూసి చెప్తున్నరు, మస్తు పని చేస్తుంది.

ఇగ రోజువారీ ప్రయాణికుల సంగతి. మన సంఘం పుట్టిందే సీజన్ టికెట్ వాళ్ల తోటి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, సీజన్ టికెట్ ఇచ్చేది 150 కిలోమీటర్ల దాకనే, ఆ లెక్కల మనం లోపట ఉన్నం, ఇంకో ఇరవై కిలోమీటర్లు అవతల ఉంటే మనలో సగం మంది నౌకరి కోసం ఊరిడిచి హైదరాబాద్‌ల కిరాయి ఇంట్ల ఉండేటోళ్లు. పొద్దున చీకటితోటి లేచి డబ్బా కట్టుకొని, స్టేషన్ ఘన్‌పూర్ కాడ కునుకు తీసి, జనగామ కాడ లేచి, భువనగిరి గుట్ట కనపడంగనే బ్యాగు సదురుకునే బతుకు, ఇది ఒక్క రోజు కాదు, ఏండ్లు ఏండ్లు. కరోనా తర్వాత ప్యాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ చార్జి పెట్టి కనీసం 30 రూపాయలు చేసినప్పుడు పెంబర్తి, పెండ్యాల అసొంటి చిన్న స్టేషన్ల నుంచి వచ్చేటోళ్లు ఎంత గోస పడ్డరో మనకెరుకే, 2024 ఫిబ్రవరి ఆఖరుకు అది మళ్ల పాత 10 రూపాయలకు దిగింది. కానీ కొందరికి ఆ సంగతే తెల్వక బస్సుకే పోతున్నరని మన సభ్యులు చెప్తే ఏప్రిల్, మే నెలల్ల ఆ ఊర్లల్ల పోయి కరపత్రాలు పంచినం. పంచాయతీ ఆఫీసుల గోడలకు కూడా అంటించినం.

సీజన్ టికెట్ తోటి రిజర్వేషన్ పెట్టెల ఎక్కొద్దు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే ఆ సర్‌చార్జి సపరేట్‌గా కట్టి ఉండాలె. ఇది తెల్వక ఫైన్ కట్టినోళ్లు ఉన్నరు, అందుకే చేరిన ప్రతి కొత్త సభ్యునికి ఈ రెండు ముక్కలు ముందే చెప్తున్నం. ఇంకొకటి ఫోన్ల టికెట్. రైల్వేవాళ్ల టికెట్ యాప్‌ల జనరల్ టికెట్ ఇంట్ల కూసొనే తీసుకోవచ్చు, 2024లనే ఆ దూరం హద్దు తీసేసిన్రు, కానీ స్టేషన్ లోపట పట్టాల కాడ నిలవడి తీస్తనంటే రాదు, బయటనే తీసుకోవాలె, తీసినంక మూడు గంటలల్ల ఎక్కాలె. దీని మీద నెలకొక్కసారి ఆదివారం చాయ్ హోటల్ కాడ టేబుల్ వేసుకొని నేర్పించినం. డిగ్రీ చదివే మన పిల్లలే నేర్పిన్రు, వాళ్లకు ఓపిక ఎక్కువ. జనగామల కూరగాయలు అమ్మే ఒక అమ్మ, ఫోన్ అంటేనే భయపడేది, మూడో ఆదివారం నాడు తనే టికెట్ తీసి మాకు సూపెట్టింది, స్క్రీన్ మీద వేలు పెట్టి కాజీపేట అని చదివి వినిపిచ్చింది. క్యూల నిలవడుడు తప్పింది బిడ్డా అన్నది. అదే రిజర్వేషన్ సంగతి, 2024 నవంబర్ 1 నుంచి బుకింగ్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందు నుంచే తెరుస్తున్నరు, పండుగలకు ఊరికొచ్చే పిల్లలున్నోళ్లు ఇది గుర్తు పెట్టుకోండ్రి.

ఇప్పుడు సెప్టెంబర్. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఆ వాన చప్పుడు వినబడ్తది. ఆగస్టు 31 రాత్రి నుంచి పడ్డ వాన ఆగలే, సెప్టెంబర్ 1 పొద్దటికి మహబూబాబాద్ జిల్లాల ఇంటికన్నె, కేసముద్రం నడుమ వరద పట్టాల కింద కంకర, మట్టి అంతా ఊడ్చుకపోయింది, పట్టాలు స్లీపర్లతోటి సహా గాలిల ఉయ్యాల లెక్క ఏలాడినయి. ఆ ఫొటో అందరం చూసినం. బెజవాడ దిక్కు రైళ్లు ఎక్కడియక్కడ ఆగిపోయినయి. మన స్టేషన్‌ల ఆగిన రైళ్లల్ల ముసలోళ్లు, చంటిపిల్లల తల్లులు, ఎగ్జామ్ కోసం పోతున్న పిల్లలు, ఎక్కడోళ్లో వేరే రాష్ట్రాల కూలీలు. సంఘం గ్రూపుల మెసేజ్ పెట్టినం, అంతే, ఇంకెవ్వరికి చెప్పలే. గంటల మన కాలనీ నుంచి రెండు పెద్ద గిన్నెల పులిహోర వచ్చింది, దర్గా దిక్కున్న మన సభ్యులు పాలు, బన్నులు తెచ్చిన్రు, ఫాతిమానగర్ నుంచి అక్కలు చంటిపిల్లల కోసం ఫ్లాస్కుల వేడినీళ్లు పట్టుకొచ్చిన్రు. ఒడిశా కూలీ పిల్లగాడు ఒకడు, భాష రాదు, ఫోన్ చచ్చిపోయింది, ఇంటికి చెప్పలేక కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. మన ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి హోటల్ నుంచి వైరు గుంజి ఒక్కసారి పది ఫోన్లు పెట్టే లెక్క చేసిండు. ఆ పిల్లగాడు ఫోన్ ఆన్ కాంగనే వాళ్ల అమ్మకు చేసిండు, ఏం మాట్లాడిండో మాకు అర్థం కాలే, కానీ ఫోన్ పెట్టేసినంక రెండు ఆకుల పులిహోర తిన్నడు.

లైను బాగు చేసినోళ్ల గురించి కూడా రాయాలె. వందల మంది వాననకా బురదనకా రాత్రి పగలు పని చేసి నాలుగు రోజులల్ల రైళ్లు మళ్ల కదిలిపిచ్చిన్రు. అండ్ల ట్రాక్‌మెన్లు మన కాజీపేటోళ్లు కూడా ఉన్నరు. వానకాలం రాత్రి పెట్రోలింగ్ అంటే చేతిల లైటు, భుజానికి పనిముట్లు, ఒక్కడో ఇద్దరో చీకట్ల పట్టాల మీద నడుసుకుంట పోవుడు, మనం లోపట దుప్పటి కప్పుకొని పండుకుంటం, వాళ్లు నడుస్తరు. 2023 జూలైల కూడా హసన్‌పర్తి, కాజీపేట నడుమ పట్టాల మీదికెళ్లి నీళ్లు పారినయి, వరుసగ రెండేండ్లు ఇట్లైంది. అందుకే జనవరిల మనం చిన్న సభ పెట్టి ఆ ట్రాక్‌మెన్లకు శాలువలు కప్పినం. స్టేజీ మీదికి రానీకె వాళ్లు సిగ్గుపడ్డరు, బలవంతంగ ఎక్కించినం.

స్టేషన్‌ల ముసలోళ్లకు ఆసరయ్యే మన సహాయం టీము గురించి కొందరు సభ్యులు అడుగుతున్నరు, ఎట్ల మొదలైంది అని. అది నా ఇంట్లనే మొదలైంది. మా మేనత్తను తీస్కొని వేరే ఒక పెద్ద స్టేషన్‌ల రైలు కోసం కూసున్నం, పేరు ఇక్కడ అవసరం లేదు. ఆఖరి నిమిషంల ప్లాట్‌ఫాం మార్చిన్రు, లిఫ్ట్ పని చేస్తలేదు, అందరూ ఉరికిన్రు, మా అత్త మెట్ల మీద కాలు మడత పడి కూలబడ్డది. రైలు మా కండ్ల ముందే పోయింది. మూడు నెలలు ఆమె మంచం దిగలే. అప్పుడు అనుకున్న, కనీసం మన స్టేషన్‌ల అయినా ముసలోళ్లు ఒక్కల్లు పడొద్దు అని. ఇప్పుడు పొద్దున, సాయంత్రం రష్ టైంల మన టీము ఇద్దరిద్దరు చొప్పున ఉంటున్నరు, మెడల సంఘం కార్డు ఉంటది. సామాను మోసుడు కాదు, కూలీ అన్నల పని మనం గుంజుకోవద్దు, అది మొదటి రోజే మాట్లాడుకున్నం. చెయ్యి పట్టి మెట్లెక్కిచ్చుడు, పెట్టె నంబర్ ఎక్కడ ఆగుతదో చెప్పుడు, వీల్‌చైర్ కావాల్నంటే స్టేషన్‌ల ఎవర్ని అడగాలెనో చూపిచ్చుడు, రైలుల ఇబ్బందైతే 139కి చెయ్యమని చెప్పుడు. బెల్లంపల్లి, మందమర్రి దిక్కు నుంచి భాగ్యనగర్ రైలుకు దవాఖానల కోసం వచ్చేటోళ్లు చాన మంది ఉంటరు, కొందరు ఇక్కడ దిగి వరంగల్ ఎంజీఎం దవాఖానకు పోతరు, కొందరు హైదరాబాద్ పోతరు. చేతిల ఎక్స్‌రే కవర్ కనబడ్తే ముందు వాళ్ల కాడికి పొమ్మని మన పిల్లలకు చెప్పినం. ఈ పని ఈ ఏడు ఒక్క రోజు కూడా ఆగలే, వాన పడ్డ రోజు కూడా, అందుకు టీముల ఉన్న ప్రతి ఒక్కరికి దండం.

ఎండాకాలం చలివేంద్రం ఎప్పటి లెక్కనే పెట్టినం, కుండలు రోజూ కడిగినం. సీతాఫలాల సీజన్‌ల గంపలు తెచ్చే అక్కలకు మనం నీడకు టార్పాలిన్ కట్టిచ్చినం స్టేషన్ బయట. ఆ అక్కలు పొద్దుగాల రైలుకు గంపలు ఎక్కిచ్చి మధ్యాహ్నానికి వాపస్ వస్తరు, అమ్ముడుపోని పండ్లు ఇంటికి మోసుకపోలేక ఎండల కూసునేది, ఇప్పుడు నీడ పట్టున కూసుంటున్నరు. బతుకమ్మకు ఊరికొచ్చే ఆడబిడ్డల కోసం పెట్టిన తంగేడు పూల టేబుల్ కూడా మంచిగ నడిచింది.

కొత్తవి ఏమొచ్చినయి అంటే, 2024 సెప్టెంబర్ 16 నాడు నాగ్‌పూర్, సికింద్రాబాద్ వందేభారత్ మొదలైంది, దానికి మన కాజీపేటల స్టాపు ఉంది, రామగుండం, బల్లార్షా, చంద్రాపూర్, సేవాగ్రాంల కూడా ఆగుతది. మంచిదే, సంతోషం. 20 పెట్టెలతోటి మొదలైంది, సీట్లు నిండక 2025 ఫిబ్రవరిల 8 పెట్టెలకు తగ్గించిన్రు. నా అభిప్రాయం సూటిగ రాస్త, ఈ లైను మీద ఉన్న జనానికి కావాల్సింది జనరల్ పెట్టెలు. సింగరేణి కార్మికుల కుటుంబాలు, కాగజ్‌నగర్ దిక్కు కూలీలు, కాకతీయ యూనివర్సిటీల చదివే పిల్లలు, వీళ్లు ఏసీ చైర్‌కార్ టికెట్ ఎట్ల కొంటరు. భాగ్యనగర్, ఇంటర్‌సిటీలకు జనరల్ పెట్టెలు పెంచాలని ఈ ఏడు రెండు సార్లు వినతిపత్రం ఇచ్చినం, రశీదు ఉంది, ఫైల్ల పెట్టినం.

2025 జనవరి 6 నాడు చర్లపల్లి టెర్మినల్ మొదలైంది, సికింద్రాబాద్ స్టేషన్ కొత్తగా కడ్తున్నరు కాబట్టి కొన్ని రైళ్లు అటు మలుపుతున్నరు. మనకు కొత్త చిక్కు ఏందంటే చర్లపల్లిల దిగినంక ఊర్లకు పోయే తొవ్వ, ఆఫీసుకు టైంకు పోవాలంటే అక్కడ్నించి బస్సో ఎంఎంటీఎస్ లోకల్ రైలో టైముకు దొరకాలె. దీని మీద మన సీజన్ టికెట్ సభ్యులు ఒక నోటు తయారు చేసిన్రు, ఏ రైలు దిగినంక ఎంతసేపు ఆగాల్సి వస్తుందో వాళ్లు రోజూ రాసుకున్నదే అది. రైళ్ల టైముల తోటి బస్సులు కలపాలని అడిగినం. ఇది వచ్చే ఏడు కూడా వదలొద్దు.

మే 22 నాడు వరంగల్ స్టేషన్ అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద కొత్తగా తయారై ఓపెన్ అయింది, బేగంపేట, కరీంనగర్ తోటి కలిపి. మన సభ్యులం పోయి చూసినం. కాకతీయుల శిల్పాల తీరు ముందు భాగం కట్టిన్రు, చూడముచ్చటగ ఉంది. మన కాజీపేట పేరు 2023 ఆగస్టు 6 నాడు శంకుస్థాపన చేసిన జాబితాల ఉంది, పని నడుస్తుంది. ఇక్కడ మనం అడిగేది ఒక్కటే, అందం సంగతి తర్వాత, ముందు ప్లాట్‌ఫాం మొత్తం పొడుగున రేకులు, కూసునే బెంచీలు, ఆడోళ్లకు శుభ్రమైన బాత్రూంలు. జనరల్ పెట్టెలు ముందు వెనక కొసల ఉంటయి, రేకులేమో నడుమ ఉంటయి, వానల తడిసేది ఎప్పుడూ జనరల్ టికెట్ వాళ్లే.

కోచ్ ఫ్యాక్టరీ గురించి రాయకపోతే కాజీపేట రిపోర్టు పూర్తి కాదు. 1980లల్ల ఇక్కడ వస్తదనుకున్న ఫ్యాక్టరీ పంజాబ్‌ల కపుర్తలాకు పోయింది, ఆ మాట ఇంటింటికీ ఎరుకే, మా నాయన చనిపోయేదాకా చెప్పిండు. 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్‌ల తెలంగాణల కోచ్ ఫ్యాక్టరీ పెట్టే సంగతి చూడాలని రాసిన్రు. ఉద్యమంల, 2011 మార్చి 1 నాడు పల్లె పల్లె పట్టాలపైకి అని పిలుపిస్తే ఈ పట్టాల మీద మనం కూసున్నం, అన్నాలు పట్టాల మీదనే తిన్నం, సకల జనుల సమ్మెల కూడా అంతే. 2023 జూలై 8 నాడు ప్రధాని వరంగల్ వచ్చి రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసిండు, 500 కోట్ల పైచిలుకు పని, అయోధ్యాపురం కాడ కడ్తున్నరు. నెలకొకసారి మన కమిటీ వాళ్లు పోయి బయటికెళ్లే చూసి వస్తున్నరు, షెడ్లు లేస్తున్నయి. మన దగ్గర డీజిల్ షెడ్ ఏండ్ల నుంచి ఉంది, ఎలక్ట్రిక్ లోకో షెడ్ 2006ల వచ్చింది, ఆ ఇంజన్లను చేతుల మీద పెంచిన పనోళ్ల ఊరు ఇది. కాబట్టి ఆ ఫ్యాక్టరీల మన చుట్టుపక్కల ఐటీఐ పిల్లలకు అప్రెంటిస్ అవకాశాలు రావాలె, దాని కోసం ఇప్పటి నుంచే ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లల పేర్లు ఒక రిజిస్టర్ల ఎక్కిస్తున్నం, నోటిఫికేషన్ పడంగనే వాళ్లందరికీ ఫోన్ చేసే పని ఇద్దరు సభ్యులు తీసుకున్నరు.

చెయ్యలేకపోయినయి కూడా రాయాలె. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిల ఆపిన్రు, మళ్ల ఇయ్యాలని సంతకాలు సేకరించినం, పంపినం, రాయితీ ఇంకా రాలే. మూడో రైలు లైను వేసే పనులకు రైళ్లు రద్దయిన రోజులల్ల ముందుగ మనకు తెలిసే ఏర్పాటు చేస్తనన్న నేను, అది సరిగ్గ కాలే, గ్రూపుల మెసేజ్ లేటుగ పెట్టినందుకు కొందరు స్టేషన్ దాకా వచ్చి వాపస్ పోయిన్రు, అది నా తప్పు. ఇప్పుడు ఆ పని ముగ్గురికి పంచినం, రాత్రి తొమ్మిదికి రోజూ ఒక మెసేజ్ వస్తది, రద్దు ఉన్నా లేకున్నా వస్తది. లైబ్రరీ పెడ్తనన్నది జాగ దొరకక ఆగింది, పుస్తకాలు మాత్రం మా ఇంట్ల రెండు బీరువాల ఉన్నయి, కావాల్సినోళ్లు వచ్చి తీస్కపోండి.

లెక్కల కాయితం కోశాధికారి అక్క రాసి ఆడిట్ అయినంక హోటల్ గోడకున్న మన నోటీసు బోర్డు మీద పెట్టింది. ప్రతి రూపాయికి రశీదు ఉంది, అనుమానం ఉన్నోళ్లు అక్కను అడిగితే ఫైల్ విప్పి సూపెడ్తది. వరద రోజు సొంత జేబుల నుంచి ఖర్చు పెట్టినోళ్లు చాన మంది వాపస్ తీసుకోమంటే తీసుకోలే, ఆ పైసలు సహాయం టీముకు రెయిన్‌కోట్లకు వాడినం.

ఇగ వచ్చే ఏడుకు ముందున్న పెద్ద పని మేడారం. రెండేండ్లకొకసారి వచ్చే జాతర, 2024 ఫిబ్రవరిల అయింది, మళ్ల 2026ల వస్తది. వరంగల్, కాజీపేటకు స్పెషల్ రైళ్లల్ల బెల్లం బుట్టలు నెత్తి మీద పెట్టుకొని జనం దిగుతరు, ఇక్కడ్నించి మేడారం సుమారు వంద కిలోమీటర్లు, బస్సు ఎక్కడ దొరుకుతది, తప్పిపోయిన పిల్లలను ఎక్కడ అప్పజెప్పాలె, నీళ్లు ఎక్కడ ఉన్నయి అనేది మనమే చెప్పాలె. పోయినసారి రాత్రి షిఫ్టుకు మనుషులు తక్కువైన్రు. అందుకే రిజిస్టర్ ఇప్పుడే తెరిచినం, చాయ్ హోటల్ కౌంటర్ మీద ఎర్ర అట్ట పుస్తకం, దానికి దారం తోటి పెన్ను కట్టి ఉంది. పేరు, ఫోన్ నంబర్, పగలా రాత్రా అన్నది రాయండి. రాత్రి కాలమ్ల ఇప్పటిదాకా ఆరు పేర్లే ఉన్నయి, అండ్ల ఒకటి మా పెద్దాయనది, గొడుగు తోటి గీత గీసినాయనది.